84 మిల్లీమీటర్ల మొగామి

టేబుల్ మీద ఆడే యుద్ధ ఆట కోసం మొగామి ఓడ బొమ్మ చేయాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ సంవత్సరపు మొగామి అని. 1935లో కురే నౌకాకేంద్రంలో పూర్తయినప్పుడు ఈ జపాన్ క్రూయిజర్ యుద్ధనౌకకు ఐదు టరెట్లు (ఫిరంగులు బిగించిన, తిరిగే గూళ్లు), ఒక్కో దాంట్లో మూడేసి 155 మి.మీ. ఫిరంగులు. 1939-40లో వాటిని తీసేసి రెండేసి 203 మి.మీ. ఫిరంగుల టరెట్లు బిగించారు. 1942 జూన్‌లో మిడ్‌వే యుద్ధంలో బాగా దెబ్బతిన్నాక వెనక టరెట్లు రెండూ పీకేసి, ఆ జాగా అంతా సీప్లేన్లకు (నీటి మీద దిగే విమానాలకు) ఇచ్చేశారు. పేరు ఒకటే, ఓడలు మూడు అనుకోవాలి.

నాకు కావాల్సింది 1942 ఏప్రిల్ నాటిది. మాది విశాఖ. ఆ ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ర్యూజో ఉన్న అడ్మిరల్ ఓజావా దళంలోనే మొగామి, దాని జోడీ క్రూయిజర్ మికుమా కూడా ఉన్నాయి. బంగాళాఖాతంలో సరుకు ఓడలను వెతికి ముంచడం వాటి పని. ఆ రోజును టేబుల్ మీద ఆడి చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది.

నేను ఎంచుకున్న స్కేలు 1/2400. అసలు ఓడ పొడవు దాదాపు 200 మీటర్లు, కాబట్టి బొమ్మ 84 మిల్లీమీటర్లు. పోత మెటల్ కావడంతో అంచుల వెంట మిగిలిన రేకును సన్నటి ఆకురాయితో అరగదీసి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాను. ఇదంతా తొందరగానే అయిపోయింది. టరెట్ల దగ్గరే చాలాసేపు కూర్చున్నాను.

ఒక్కో టరెట్ బియ్యపు గింజలో సగం ఉంటుంది. ముందువైపు ఒకటి, రెండు ఒకే ఎత్తులో ఉంటాయి, మూడోది వాటి వెనక ఒక మెట్టు పైన. కొత్త 203 మి.మీ. గొట్టాలు పాతవాటికంటే పొడవు. అందుకే రెండో టరెట్‌ను సూటిగా ముందుకు తిప్పితే గొట్టాలు మొదటి టరెట్‌కు తగలకుండా కాస్త పైకెత్తి ఉంచేవారు. 1942 మొగామిని గుర్తుపట్టించేది ఇదే. ట్వీజర్స్‌తో ఆ రెండు గొట్టాలను వెంట్రుకవాసి పైకి వంచి, టూత్‌పిక్ కొసతో గ్లూ అద్ది అతికించాను. టేబుల్ అవతల నుంచి ఎవరికీ కనిపించకపోవచ్చు. నాకు మాత్రం అది ఉంటేనే అది మొగామి.

రంగు విషయంలో రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. జపాన్ నౌకాకేంద్రాల్లో ఒక్కో చోట గ్రే కొద్దిగా మారేది, మొగామికి వేయాల్సింది కురే గ్రే. అయితే అసలు రంగును ఇంత చిన్న బొమ్మకు అలాగే వేస్తే మరీ నల్లగా కనిపిస్తుంది, అందుకే కాస్త తెలుపు కలిపాను. క్రూయిజర్ల డెక్ మీద లినోలియం (నేల మీద పరిచే ఒక రకం షీటు) పరిచేవారు, దానికి ఎర్రమట్టి ఛాయ ఉన్న గోధుమ రంగు. ముందు డెక్ అంతా గోధుమ రంగు వేసి, ఆరాక పైకి లేచిన భాగాలకు గ్రే వేశాను. సందుల్లోకి దిగే పల్చటి నల్ల వాష్, ఆపైన దాదాపు పొడిగా ఉన్న కుంచెతో అంచుల మీద లేత గ్రే డ్రై బ్రష్ పడేసరికి బ్రిడ్జి, పొగగొట్టం విడివిడిగా తేలాయి.

ఆటకు టార్పెడోలే ముఖ్యం. మొగామి మోసిన జపాన్ టార్పెడో టైప్ 93 అత్యధిక వేగంతో 20 కిలోమీటర్లు పోతుంది. ఓడల స్కేలులో కొలిస్తే అది ఎనిమిది మీటర్ల పైనే, మా హాలు కూడా చాలదు. అందుకే దూరాలకు వేరే స్కేలు పెట్టుకున్నాం. గురి తప్పిన టార్పెడోను అక్కడితో తీసేయకూడదని, దాని దారిలో దాన్ని పోనివ్వాలని మాత్రం పట్టుబట్టాను. 1942లో జావా, సుమత్రాల మధ్య సుండా జలసంధి పోరులో మొగామి వదిలిన టార్పెడోలు అమెరికా క్రూయిజర్ హ్యూస్టన్‌కు తగలకుండా దాటిపోయి సొంతవాళ్ల రవాణా ఓడలకే తగిలాయి. ఆ ఓడల్లో ఉన్న జపాన్ సైన్యాధిపతి జనరల్ ఇమామురా సముద్రంలో పడింది అప్పుడే. అలాంటిది జరిగే వీలు లేకపోతే అది మొగామి ఆట కాదు.

ప్రస్తుతం మికుమాకు ప్రైమర్ వేసి పెట్టాను. ఆ తర్వాత డిస్ట్రాయర్ అమగిరి, దాంతో ఓజావా ఓడల్లో మొగామి ఉన్న బంగాళాఖాతం దక్షిణ దళం పూర్తవుతుంది.