వెనక ఆ మ్యూజిక్ ఎందుకసలు?

సముద్ర జీవుల డాక్యుమెంటరీలో ఇవాళ కూడా అదే సీను. నక్షత్ర చేప ఒక ఆల్చిప్ప మీదెక్కి రెండు డొప్పలూ పట్టి లాగుతోంది. వెనక టెన్షన్ మ్యూజిక్, "దయలేని వేటగాడు" అంటూ ఒక బొంగురు గొంతు. చిన్నది కళ్ళు మూసేసుకుంది. నాకు ఒళ్ళు మండింది. రాత్రి పదకొండయినా ఆ మంట తగ్గలేదు.

ఒడ్డున ఉండేవి అలాగే తింటాయి, కాదనను. డొప్పల మధ్య వెంట్రుకవాసి సందు దొరికితే చాలు, పొట్టని నోట్లోంచి బయటికి తీసి అందులోకి దూర్చేస్తాయి. లోపలి మాంసం అక్కడే అరిగిపోతుంది. కానీ దానికి గంటలు పడుతుంది! వీళ్ళేమో వేగం పెంచి, దాడి చేసినట్టు చూపిస్తారు. 1960లలో రాబర్ట్ పెయిన్ అనే జీవావరణ శాస్త్రవేత్త అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర తీరపు రాళ్ళ మీంచి వీటిని ఏరి సముద్రంలోకి విసిరేశాడు. అడిగేవాడు లేక ఆల్చిప్పలు రాళ్ళని ఆక్రమించి మిగతా జీవుల్ని గెంటేశాయి. 'కీస్టోన్ జాతి', అంటే అది లేకపోతే చుట్టూ ఉన్న జీవలోకమే తారుమారయ్యే జాతి, అన్న మాట ఆయన 1969లో వాడింది ఈ 'దయలేని' ప్రాణి గురించే. ఆ ముక్క బొంగురు గొంతుకి తెలియదు కాబోలు.

చిన్నప్పుడు గాజు తొట్టెలో ఒకదాన్ని చూశాను. అద్దానికి అతుక్కుని ఉంది, అడుగు భాగం మా వైపు. చేతుల కింద గాడిలో బారులు తీరిన గొట్టపు కాళ్ళు, ఒకటి వదిలేలోపు ఇంకోటి పట్టుకునేది. నోటి చుట్టూ పల్చటి పొర ఉబ్బి అద్దానికి అంటుకుంది. "అది దాని పొట్ట, అద్దం మీది నాచు తింటోంది" అన్నాడు అన్నయ్య. అమ్మ జబ్బ పట్టి లాగినా నేను కదల్లేదు. భయమే వేయలేదు. మ్యూజిక్ లేదుగా మరి.

అసలు రాద్దామని కూర్చున్నది లోతు నీళ్ళలో ఉండేవాటి గురించి. వెయ్యి మీటర్లు దాటాక, పోర్సెల్లనాస్టరిడ్లని ఒక కుటుంబం ఉంది. బురదలో కూరుకుని ఆ బురదే మింగి, పైనుంచి రాలిన తుక్కులో మిగిలిన సారంతో బతికేస్తాయి. బ్రిసింగిడ్లని ఇంకో రకం లోతు నీళ్ళ నక్షత్ర చేపలు పొడుగాటి చేతులు పైకెత్తి, వచ్చే నీటికి అడ్డంగా నిలబడతాయి. పాపం సాధుజీవులు, వీటిని చూపించచ్చుగా అని రాయబోయాను. కానీ ఆ చేతుల ముళ్ళ నిండా బుల్లి పటకార్లు! కొట్టుకొచ్చే చిన్న చిన్న రొయ్యజాతి జీవుల్ని పట్టేస్తాయి. అవీ వేటగాళ్ళే. సరే, ఆ గొంతు అన్నదాంట్లో సగం నిజమే. మ్యూజిక్ మాత్రం క్షమించను.

రేపు చిన్నదానికి లోతు నీళ్ళ కెమెరా వీడియో చూపిస్తా. ఎంతసేపు చూసినా ఏమీ జరగదు. రెండో నిమిషానికే కార్టూన్ అడుగుతుంది.