ఎడమచేతి వైపు దేవుడు

శివమానసపూజ మొత్తం అయిదే శ్లోకాలు. ఆదిశంకరుల రచన అని చెప్పుకుంటాం. మొదటి మూడు శ్లోకాల్లో భక్తుడు రత్నాల ఆసనం వేస్తాడు, చన్నీళ్ళతో స్నానం చేయిస్తాడు, బంగారు గిన్నెలో నెయ్యీ పాయసం పెడతాడు, గొడుగు పడతాడు, చామరం వీస్తాడు. అన్నీ మనసులోనే. నాలుగో శ్లోకానికి వచ్చేసరికి ఆ ఊహల సామగ్రి కూడా అక్కర్లేకుండా పోతుంది.

ఆత్మా త్వం గిరిజా మతిః సహచరాః ప్రాణాః శరీరం గృహం
పూజా తే విషయోపభోగరచనా నిద్రా సమాధిస్థితిః
సంచారః పదయోః ప్రదక్షిణవిధిః స్తోత్రాణి సర్వా గిరో
యద్యత్కర్మ కరోమి తత్తదఖిలం శంభో తవారాధనమ్

నా ఆత్మవు నువ్వు, నా బుద్ధి పార్వతి, ప్రాణాలు నీ పరివారం, ఈ ఒళ్ళు నీ ఇల్లు. నేను అనుభవించేదంతా నీ పూజ, నా నిద్ర సమాధి, కాళ్ళతో తిరిగిన తిరుగుడంతా నీకు ప్రదక్షిణం, నోట వచ్చే మాటలన్నీ స్తోత్రాలు. ఏ పని చేసినా శంభో, అది నీ ఆరాధనే.

మా నెల్లూరోళ్ళకు ఇందులో నిద్ర సంగతి వింతగా ఉండదు. జొన్నవాడ కామాక్షమ్మ గుడిలో మొక్కుకుని నిద్ర చేసేవాళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాళ్ళమే కదా. చాపా దుప్పటీ తెచ్చుకుని, అమ్మవారి మీద భారం వేసి పడుకుంటారు. ఆ నిద్ర పూజ కాదని మా జిల్లాలో ఎవరూ అనరు. చిక్కంతా 'సంచారః పదయోః' దగ్గరే. ఈ మాటను మనం సెలవు చీటీలా వాడేస్తున్నాం. గుడికి పోవడం కుదరకపోతే ఇదే శ్లోకం, విదేశాల్లో టూర్ పేరుతో ఊళ్ళన్నీ తిరిగినా ఇదే శ్లోకం. తిరిగిందంతా ప్రదక్షిణమేనని శంకరులే అన్నారు కదా, ఇంకేం కావాలి అంటారు. నేనూ అంత తేలిక మాటే అనుకునేవాణ్ణి, కంబోడియా పోయేదాకా.

పోయిన దసరా సెలవులకు మా ఇంటావిడా నేనూ అక్కడి అంకోర్‌వాట్ గుడి చూడాలనుకున్నాం. టికెట్లు మహాలయ పక్షంలో పడ్డాయి. మా మేనత్త ఒప్పుకోలేదు. "పెద్దలకు పెట్టుకునే రోజుల్లో సముద్రం దాటి పోవడమేందిరా?" అంది. నాన్న తిథి ముందే వచ్చింది కాబట్టి రంగనాయకుల గుడి దగ్గర పెన్న ఒడ్డున చేయాల్సిన కార్యం చేసి, ఆ తర్వాతే చెన్నై పోయి విమానం ఎక్కాం. అయినా ఆమె మాట మనసులో ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది.

అంకోర్‌వాట్‌ను 12వ శతాబ్దం మొదటి సగంలో కంబోడియాను ఏలిన ఖ్మేర్ రాజు రెండో సూర్యవర్మ విష్ణువు కోసం కట్టించాడు. చుట్టూ ఉన్న కందకం దాదాపు 190 మీటర్ల వెడల్పు, వానాకాలం కాబట్టి నిండుగా ఉంది. పొద్దు పొడవక ముందే ఉత్తరం వైపు కొలను ఒడ్డున ఫోన్లు ఎత్తి పట్టుకుని జనం. దాని గురించి చెప్పేదేం లేదు, ఫోటోలు మీరూ చూసే ఉంటారు.

ఆ గుడి ముఖం పడమరకు ఉంది. పడమటి వాకిలిలో లోపలికి పోతే చుట్టూ పొడవాటి మండపాలు, లోపలి గోడల నిండా శిల్పాలు. ఆ కథలను వరసలో చూడాలంటే కుడివైపు తిరగాలి. అంటే దక్షిణం మీదుగా తూర్పుకు పోవాలి. అలా నడిస్తే గోడా, ఆ గోడ వెనక గర్భగుడీ మన ఎడమచేతి వైపు ఉంటాయి. నాలుగడుగులు వేశాక నా కాళ్ళు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దేవుణ్ణి కుడిచేతి వైపు ఉంచుకుని తిరగడమే తెలుసు. అప్రదక్షిణం మనకు పితృకార్యంలోనే. జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకుని చేసే పనుల్లో తిరుగుడు కూడా మారుతుంది. పెన్న ఒడ్డున పట్టుమని పది రోజుల కిందట చేసిన పనే మళ్ళీ ఇక్కడ చేస్తున్నట్టు అనిపించింది.

ఈ వరసను బట్టే ఇది సూర్యవర్మ అంత్యక్రియలకు సంబంధించిన గుడి అని కొందరు పండితులు అంటారు. విష్ణువుకు పడమటి దిక్కుతో ఉన్న సంబంధం వల్లే ఇలా కట్టారని మరికొందరు. ఆ వాదన తేల్చడం నా వల్ల అయ్యే పని కాదు. నేను నడిచి చూసిన వరస మాత్రం చెప్పగలను.

మొదట కురుక్షేత్రం. రథాలూ ఏనుగులూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కినట్టు చెక్కారు. పైన ఒకచోట భీష్ముడు అంపశయ్య మీద ఉన్నాడు. మన తిక్కన సోమయాజి నెల్లూరులో కూర్చుని ఆ యుద్ధాన్ని తెలుగు చేసింది 13వ శతాబ్దంలో. అంతకు ముందే సముద్రానికి అవతల ఎవరో ఉలితో రాసిపెట్టారు. మలుపు తిరిగితే దక్షిణం గోడ మీద సూర్యవర్మ ఊరేగింపు, ఆ పక్కనే యముడి కొలువు. దున్నపోతు మీద బోలెడు చేతులతో యముడు, పక్కన తీర్పు చెప్పే చిత్రగుప్తుడు. పై వరసల్లో స్వర్గానికి పోయేవాళ్ళు, కింద వరసలో నరకానికి ఈడ్చుకుపోతున్నవాళ్ళు. మళ్ళీ మలుపు తిరిగితే తూర్పున క్షీరసాగర మథనం. యుద్ధం, రాజు, యముడు, ఆ తర్వాత అమృతం కోసం చిలకడం. నేను తప్పు దిక్కు అనుకున్న దారిలో నడిస్తేనే ఈ క్రమం వస్తుంది.

ఆ మథనం దగ్గర చాలాసేపు నిలబడిపోయాం. గోడ పొడవు 49 మీటర్లు దాకా ఉంది. ఇటు 92 మంది రాక్షసులు, అటు 88 మంది దేవతలు, అందరూ వాసుకి ఒంటిని పట్టుకుని ఒకే ఊపుతో వెనక్కి వాలి లాగుతున్నారు. తోక కొసన పెద్ద వానరమూర్తి ఒకటుంది. మనం మామూలుగా వినే మథనం కథలో వానరుడి మాట ఉండదు. నడుమ విష్ణువు, కింద తాబేలు. అందరూ పైన అప్సరసలను చూసి పోతున్నారు కానీ, చూడాల్సింది కింద నీళ్ళల్లో ఉంది. కవ్వానికి దూరంగా చేపలూ మొసళ్ళూ తీరిగ్గా ఈదుతుంటాయి. కవ్వం దగ్గరికి వచ్చేకొద్దీ అవి తెగి ముక్కలై సుడిలో కొట్టుకుపోతుంటాయి. అమృతం పుట్టకముందు ఆ నీళ్ళల్లో బతికేవాటికి ఏమైందో శిల్పి మరిచిపోలేదు. క్షీరాబ్ది ద్వాదశి నాడు తులసికోట దగ్గర ఏటా ఈ కథ చదువుకుంటాం. ఈ చేపల ఊసు నాకు ఎప్పుడూ తట్టలేదు.

మేం పోయిన రోజుల్లోనే కంబోడియాలో ప్చుమ్ బెన్ జరుగుతోంది. అది వాళ్ళ పెద్దల పండుగ, 15 రోజులు చేస్తారు. చంద్రుడు తరిగే పక్షంలో, ఇంచుమించు మన మహాలయ పక్షంలోనే వస్తుంది. ఏడు తరాల పెద్దలు ఆకలితో వస్తారని నమ్మి, స్టీలు క్యారియర్లలో అన్నం కూరలు సర్దుకుని బౌద్ధ విహారాలకు పోతారు. ఎండ తగిలితే రాలేని ప్రేతాలు ఉంటాయంట. వాటికోసం తెల్లవారకముందే చీకట్లో అన్నం ముద్దలు విసురుతారు. ఆ ముద్దల్లో ఏం కలుపుతారో తెలుసా? నువ్వులు! హోటల్ కుర్రాడు మామూలుగా ఆ మాట చెప్పి పోయాడు. మా ఇంటావిడ నా వైపు చూసి, "మీ అత్తకు ఇప్పుడే ఫోన్ చెయ్యండి" అంది.

దీన్ని పట్టుకుని, చూశారా ఇదంతా మనదే అని ఎగిరే అలవాటు మనకుంది. పక్కనే ఒక తెలుగు గుంపులో పెద్దమనిషి ఒకాయన గట్టిగా ఆ పాటే పాడుతున్నాడు. నాకు ఇబ్బందిగా అనిపించింది. అక్కడ ఇప్పుడు దణ్ణం పెట్టేవాళ్ళు బౌద్ధులు. పడమటి గోపురంలో ఎనిమిది చేతుల నిలువెత్తు మూర్తి ఉన్నాడు, మొదట విష్ణువేనని చెబుతారు. వాళ్ళు ఆయన్ను తా రీచ్ అంటారు, పట్టుబట్ట చుడతారు, అగరొత్తులు వెలిగిస్తారు, తామరమొగ్గలు పెడతారు. మంత్రం లేదు, తీర్థం లేదు, శఠగోపం లేదు. ఒక ముసలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని మొక్కుతుంటే, ఆమె లేచేదాకా ఆగి మేమూ దణ్ణం పెట్టుకున్నాం. అక్కడ పూజ ఆమెది. మేం చూసిపోవడానికి వచ్చినవాళ్ళం.

శ్లోకంలోని ఆ పాదం తేలిక మాట కాదని నాకు అక్కడే తెలిసింది. తిరుగుడంతా ప్రదక్షిణమైతే, ప్రదక్షిణంలో చేయకూడనివి తిరుగుడులోనూ చేయకూడదు. అప్సరస పక్కన నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగకూడదు. పీఠం ఎక్కి కూర్చోకూడదు. వానలో తడుస్తూ తిప్పిన టుక్‌టుక్ అతనితో ఒక్క డాలర్ కోసం గొడవ పడకూడదు. మాటలన్నీ స్తోత్రాలైతే బేరాలూ విసుగులూ ఆ లెక్కలోకే వస్తాయి మరి. గుళ్ళో చేసే ప్రదక్షిణం మూడు చుట్లతో అయిపోతుంది. శంకరులు చెప్పినదానికి చుట్ల లెక్క లేదు, ఇంటికొచ్చి చెప్పులు విప్పాక కూడా అయిపోదు. రోజూ గుడికి పోవడమే దీనికన్నా సులువు.

విష్ణువు గుడిలో శివుడి శ్లోకం ఎందుకని ఎవరైనా అడగొచ్చు. తిక్కన భారతాన్ని అంకితమిచ్చింది హరిహరనాథుడికి. అంకోర్‌వాట్ దగ్గరి ఊరు సియెం రీప్‌కు తూర్పున, టుక్‌టుక్‌లో పోయేంత దూరంలో రొలువోస్ అనే చోట 9వ శతాబ్దపు ఖ్మేర్ రాజధాని ఉంది. దాని పేరు హరిహరాలయ. ఒక పక్క జటలు, ఇంకో పక్క కిరీటం ఉన్న హరిహర మూర్తులను ఆ దేశపు శిల్పులు అంతకు ముందు నుంచే చెక్కుతున్నారు. నెల్లూరువాడికి అక్కడ కొత్తగా ఏముంటుంది!

దసరా సెలవుల్లో పోదామనుకునేవాళ్ళు ఇవి గుర్తుపెట్టుకోండి. అంకోర్‌వాట్ పై అంతస్తుకు ఎక్కాలంటే భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలు ఉండాలి. బౌద్ధుల పర్వదినాల్లో ఆ అంతస్తు మూసేస్తారు, అమావాస్య నాడు మేం కింద నుంచే దణ్ణం పెట్టుకున్నాం. మెట్లు బాగా నిట్రం, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను బలవంతపెట్టకండి. శిల్పాల మండపంలో కుడివైపు తిరగండి, గైడు తొందరపెట్టినా చేపల దగ్గర ఆగండి. ఒక పూట మిగిలితే రొలువోస్‌లో 881 నాటి బకాంగ్ శివాలయానికి పోండి. మేం పోయినప్పుడు అక్కడ జనం లేరు, అయిదు శ్లోకాలూ నిదానంగా చదువుకున్నాం.