విజయనగరంలో పాటల పూట

విశాఖ నుంచి విజయనగరానికి బస్సులు బోలెడున్నాయి, అయినా నాకు రైలే ఇష్టం. కొత్తవలస దాటితే కిటికీలోంచి వచ్చే గాలి మారిపోతుంది. ధనుర్మాసం కదా, కంటకాపల్లి, అలమండ మధ్య పొలాల్లో కోతలు అయిపోయి వరికుప్పలు లేచాయి. కొన్ని మళ్ళలో మినుములు, పెసలు అప్పుడే పచ్చగా తేలుతున్నాయి. కోరుకొండ స్టేషన్లో సైనిక్ స్కూలు పిల్లలు ట్రంకుపెట్టెల పక్కన నిలబడి ఉన్నారు, సెలవులకు ఇళ్ళకు పోతూ.

మా బావ విజయనగరంలో లయన్స్ క్లబ్బు సభ్యుడు. అటు క్రిస్మస్‌కూ ఇటు సంక్రాంతికీ కలిసొచ్చేలా డిసెంబరు ఆఖర్లో వాళ్ళు కుటుంబాలతో ఒకచోట చేరతారు. ఆ ఏడాది కంటి శిబిరాల్లో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న పల్లెవాళ్ళను కూడా భోజనానికి పిలుస్తారు. పిల్లల చేత బృందగానం చేయిస్తారు. "ఉపన్యాసాలు కొంచెమే ఉంటాయి, పాట కోసమైనా రా" అన్నాడు బావ. నేను పాట కోసమే బయల్దేరాను.

కార్యక్రమానికి ఇంకా వ్యవధి ఉండటంతో స్టేషన్ నుంచి నేరుగా ఊళ్ళోకి నడిచాను. 1885లో కట్టిన గంటస్తంభం చుట్టూ బండ్లు, బేరాలు, హారన్లు. అక్కడి నుంచి మూడు లాంతర్ల కూడలి మీదుగా కోట వైపు. కోటకు 1713లో పునాది వేశారు. ఎత్తయిన బురుజులు చూడదగ్గవే కాని, నా మనసంతా సంగీత కళాశాల మీదే ఉంది.

ఆ కళాశాల పుట్టుక గురించి ఊళ్ళో ఎవరిని అడిగినా ఒకే మాట చెబుతారు. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు గారి అబ్బాయికి చూపు లేదు, పాటంటే ప్రాణం. ఆ పిల్లాడికి సంగీతం నేర్పే ఏర్పాటు చేయమని తండ్రి అడిగితే, మహారాజా విజయరామ గజపతిరాజు ఒక్క గురువును కుదిర్చి ఊరుకోలేదు. 1919లో ఏకంగా కళాశాలే పెట్టించారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు వాయిద్యం విని ఆయన్ను వయొలిన్ ఆచార్యుడిగానే నియమించారట. అప్పటికి ఆయన వయసు 26. ఆయనకూ చిన్నతనం నుంచి చూపు మందమే, బడి చదువు అందుకే ముందుకు సాగలేదంటారు. తర్వాతి కాలంలో ఘంటసాల, సుశీల ఇక్కడే చదువుకున్నారు. చూపు లేని ఒక్క పిల్లవాడి కోసం తెరిచిన తలుపులోంచి ఇంతమంది నడిచి వచ్చారు. గేటు దగ్గర నిలబడి అదే తలుచుకుంటూ చాలాసేపు ఉండిపోయాను. లోపల ఎవరో మృదంగం మీద ఒకే జతిని మళ్ళీ మళ్ళీ సాధన చేస్తున్నారు.

సభ ఒక కల్యాణమండపంలో. గంట కొట్టి మొదలుపెట్టారు, అది వాళ్ళ ఆనవాయితీ. కార్యదర్శి లెక్కలు చదివాడు, అధ్యక్షుడు దాతలకు దండలు వేశాడు. ఆ తర్వాత ఒక పెద్దాయన లేచి చెప్పిన సంగతి మాత్రం నాకు బాగా నాటింది. 1917లో షికాగోలో మెల్విన్ జోన్స్ ఈ లయన్స్ సంస్థను మొదలుపెట్టినప్పుడు కంటి వైద్యం ప్రత్యేకంగా వాళ్ళ తలపులో లేదట. 1925లో అమెరికాలోని సీడర్ పాయింట్‌లో జరిగిన వాళ్ళ మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చి, అంధుల పక్షాన మీరు నిలబడండి అని అడిగింది. చూపూ వినికిడీ రెండూ లేని మనిషి అడిగిన ఆ మాటను ఇన్నేళ్ళుగా దేశదేశాల క్లబ్బులు మోస్తూ వస్తున్నాయి. పొద్దున కళాశాల గేటు దగ్గర తలుచుకున్నది, ఇప్పుడు విన్నది ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి. రెండింటిలోనూ ఒకరు నోరు తెరిచి అడిగారు, వినేవాళ్ళు విన్నారు.

తర్వాత పిల్లలు వేదిక ఎక్కారు. నలభై మందికి తక్కువ ఉండరు. హైస్కూలు పిల్లలు కొందరు, సంగీతం నేర్చుకుంటున్నవాళ్ళు కొందరు, మిషన్ బడి నుంచి కొందరు. ముందు వరసలో మధ్యన ఉన్న అమ్మాయిని పక్కనున్న పిల్ల చెయ్యి పట్టి తెచ్చి నిలబెట్టింది. ఆ అమ్మాయికి చూపు లేదు.

కచేరీ పాటతో మొదలవుతుందనుకున్నాను. సంగీతం నేర్చుకునేవాళ్ళ తొలి పాఠం, సరళీ స్వరాలతో మొదలుపెట్టారు! మాయామాళవగౌళ రాగంలో మొదటి కాలం, దానికి రెట్టింపు వేగంతో రెండో కాలం, ఇంకో రెట్టింపుతో మూడో కాలం. మనందరం విని విని పాఠంలా చూసే ఆ స్వరాలు అన్ని గొంతుల్లోంచి ఒక్కసారిగా వస్తే ఎంత గంభీరంగా ఉంటాయో అప్పుడు తెలిసింది. మూడో కాలంలో ఒక్క గొంతూ తప్పిపోలేదు. గొంతు మారే వయసు మగపిల్లలను, పాట నేర్పిన మాస్టారు ఇబ్బంది పెట్టలేదు. మంద్ర పంచమం, ఆధార షడ్జమం, అంటే కింది 'ప', మూల 'స' పట్టుకుని నిలబడమన్నారు. ఆడపిల్లల పాట కింద ఆ నాదం ఆగకుండా సాగింది.

నన్ను పట్టేసింది ఇంకొకటి. మాస్టారు ఎదురుగా నిలబడి చెయ్యి ఊపడం లేదు, పక్కన హార్మోనియం దగ్గర కూర్చున్నారు. ప్రతి పాటకూ ముందు వరసలోని ఆ అమ్మాయి గట్టిగా ఊపిరి తీసుకునేది. ఆ చప్పుడుకే అందరూ ఎత్తుకునేవారు. తర్వాత అడిగితే మాస్టారు చెప్పారు: "మొదట్లో నేను సైగ చేసేవాణ్ని. ఆ పిల్ల ఒక్కతే అరక్షణం వెనకబడేది. అప్పుడు అందరినీ కళ్ళు మూసుకోమన్నాను. వారం రోజుల్లో ఒకరినొకరు వినడం మొదలుపెట్టారు. సైగ చేస్తే అందరూ నన్ను చూస్తారండీ, పక్కవాణ్ని వినరు." మన సంగీతం ఎక్కువగా ఒక్కరి విద్య. విద్వాంసుడు కూర్చుంటాడు, మిగతావాళ్ళు అనుసరిస్తారు. నలభై గొంతులు కలపడం వేరే సాధన, దానికి మన బడుల్లో ఇంకా ఎంతో చోటు ఇవ్వాలి. వారానికి ఒక పీరియడ్ ఇచ్చినా చాలు.

మిషన్ బడి పిల్లలు తబలా మీద తెలుగు క్రిస్మస్ పాట ఎత్తుకున్నారు. రెండో చరణానికి అందరూ అందుకున్నారు. ఆ వెంటనే గొబ్బిపాట. ముందు కుర్చీల్లో ఆపరేషన్ చేయించుకున్న ముసలమ్మలు చప్పట్లతో తాళం వేయడం మొదలుపెట్టారు. హాలంతా వాళ్ళ తాళంలోకి వచ్చేసింది.

భోజనాల దగ్గర నా పక్కన గజపతినగరం వైపు నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. కంద బచ్చలి ఆవ పెట్టిన కూర, గుమ్మడికాయ దప్పళం, అరిసెలు. కన్ను ఎలా ఉందమ్మా అని అడిగాను. "బియ్యంలో రాళ్ళు నానే ఏరుకుంటన్నాను బావూ. కోడల్ని అడగక్కర్నేదు" అంది. ఆపరేషన్ ఎంతోసేపు పట్టలేదట. మత్తు కంటికి మాత్రమే ఇచ్చారట, డాక్టరు మాటలన్నీ వినబడ్డాయట. చుక్కల మందు వేళకు వేయడానికి మనవరాలు బడి ఎగ్గొట్టిందని మాత్రం కొంచెం నొచ్చుకుంది.

ఆవిడ చేయి కడుక్కుని నేరుగా మాస్టారి దగ్గరికి వెళ్ళింది. "ఏటి బావూ, గుంటలు బాగా పాడినారు గాని, ఆ గొబ్బిపాట మా ఊర్ల అలగ్గాదు" అని పాడి వినిపించింది. వరస వేరు, నడక ఇంకొంచెం తూగుతూ ఉంది, చివరి మాటల దగ్గర ఒక విరుపు. మాస్టారు జేబులోంచి కాగితం తీసి అక్కడికక్కడ స్వరాలు రాసుకున్నారు. చూపు లేని అమ్మాయి ఆవిడ పక్కన చేరి రెండోసారికే వరస పట్టేసింది. మూడోసారి చుట్టూ చేరిన పిల్లలంతా అందుకున్నారు. పండక్కి ఈ వరసే పాడదాం సార్ అని వాళ్ళే అన్నారు.

నేను ఎక్కాల్సిన రైలు అప్పటికే వెళ్ళిపోయింది, బావ తర్వాతి దానికి దింపుతానన్నాడు. వచ్చే నెల శిబిరం శృంగవరపుకోట వైపు పెడుతున్నారట. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడానికి, బీపీ, షుగరు పరీక్షల దగ్గర వరస నడపడానికి మనుషులు చాలడం లేదని కార్యదర్శి అన్నాడు. నా నంబరు రాసుకోమన్నాను.