చాంటిలీలో బ్లాక్‌బర్డ్‌ని ఎలా చూడాలి

అమెరికాలో వాషింగ్టన్ దగ్గర చాంటిలీలో ఉన్న విమానాల మ్యూజియం, ఉద్వార్-హాజీ సెంటర్‌కి వచ్చే మనవాళ్ళలో చాలామంది ధ్యాసంతా డిస్కవరీ అంతరిక్ష షటిల్ మీదే. గుమ్మానికి ఎదురుగా ఉన్న నల్ల గూఢచారి విమానం బ్లాక్‌బర్డ్ ముందు ఒక సెల్ఫీ తీసుకుని అటు వెళ్ళిపోతుంటే చూసి మనసు చివుక్కుమంది. నేను వచ్చింది దీనికోసమే.

ప్రవేశం ఉచితం. కారు పెట్టడానికి మాత్రం 15 డాలర్లు. మెట్రో సిల్వర్ లైన్‌లో ఇన్నొవేషన్ సెంటర్ స్టేషన్ దాకా వచ్చి 983 బస్సెక్కితే ఆ ఖర్చు ఉండదు.

బ్లాక్‌బర్డ్ అసలు పేరు ఎస్ఆర్-71, ఇక్కడున్న దాని నంబరు 17972. పొడవు 107 అడుగులు, అంటే వరసగా నిలిపిన మూడు ఆర్టీసీ బస్సులంత. 1990 మార్చి 6న ఎడ్ యీల్డింగ్, జోసెఫ్ విడా దీన్ని లాస్ ఏంజెలెస్ నుంచి వాషింగ్టన్‌కి 64 నిమిషాల 20 సెకన్లలో తెచ్చి, పక్కనున్న డలస్ ఎయిర్‌పోర్టులోనే దించి మ్యూజియానికి అప్పగించారు.

ముందు పైనుంచి చూడండి. రెక్కల మీద, ఒంటికి దగ్గరి భాగంలో రేకు నున్నగా ఉండదు, సన్నటి గాడులు కనిపిస్తాయి. మాక్ 3, అంటే ధ్వనికి మూడు రెట్ల వేగం దగ్గర ఒళ్ళంతా 250 డిగ్రీల సెల్సియస్ దాటి కాగుతుంది. నున్నటి రేకైతే సాగి వంకర్లు పోతుంది. గాడులుంటే సాగడానికి చోటు దొరుకుతుంది. అల్యూమినియం ఆ వేడికి ఆగదు కాబట్టి టైటానియం వాడారు. అదీ తేలికగా లొంగలేదు. ఈ కుటుంబంలోని తొలి విమానాలు కడుతున్నప్పుడు కాడ్మియం పూత ఉన్న స్పానర్లతో బిగించిన బోల్టుల తలలు వేడికి ఊడిపోయాయి. ఆ పనిముట్లన్నీ ఏరి పారేశాకే పని సాగింది.

ఈ విమానం నేల మీదుంటే ఇంధనం కారేది. దానికీ మూలం వేడే. రెక్కల రేకులే ట్యాంకు గోడలు. అతుకుల్లో పూసిన సీలెంటు, ప్రతి ప్రయాణంలో కాగి చల్లారి, పగుళ్ళిచ్చేది. జేపీ-7 అనే దీని ఇంధనం చుక్కలు చుక్కలుగా కారేది. అయినా భయం లేదు, అగ్గిపుల్ల వేసినా అది అంటుకోదు. అంత మొండి ఇంధనాన్ని వెలిగించడానికే గాలి తగిలితే భగ్గుమనే ట్రైఇథైల్ బోరేన్ వాడేవారు. ఆకుపచ్చ మంట వచ్చేది. ఒక్కో ఇంజనుకు సుమారు 16 సార్లకు సరిపడా ఉండేది. ఆకాశంలో ఇంధనం నింపుకున్నాక ఆఫ్టర్‌బర్నర్ (ఇంజన్ వెనక భాగంలో అదనంగా ఇంధనం మండించేది) మళ్ళీ వెలిగించాలన్నా అందులోంచే ఖర్చు.

తర్వాత కిందికి దిగి ఇంజన్ మూతికి, అంటే గాలి లోపలికి వెళ్ళే చోటికి, సూటిగా నిలబడాలి. ఎక్కువసేపు ఉండాల్సింది ఇక్కడే. మధ్యలో ఉన్న శంకువు ఊరికే అలంకారం కాదు. మాక్ 1.6 దాటాక అది వేగంతో పాటు వెనక్కి జరుగుతుంది, మొత్తం 26 అంగుళాలు. ధ్వనిని మించిన వేగంలో పుట్టే గాలి ఒత్తిడి అలని, అంటే షాక్‌వేవ్‌ని, మూతి లోపల సరైన చోట నిలిపి ఉంచడం దాని పని. మాక్ 3.2 దగ్గర తోపుడులో సగానికి పైగా ఇంజనుది కాదు, ఈ మూతిదే! లెక్క తప్పి షాక్‌వేవ్ బయటికి తన్నుకొచ్చిందా, అదే ‘అన్‌స్టార్ట్’. ఒక పక్క తోపుడు చటుక్కున పడిపోయి విమానం అటు విసురుగా తిరుగుతుంది. పైలట్ల హెల్మెట్లు కాక్‌పిట్ అద్దాలకి కొట్టుకునేవి. శంకువుని పూర్తిగా ముందుకి తోసి, గాలి తలుపులు తెరిచి, మళ్ళీ మొదలుపెట్టాలి. 1980ల మొదట్లో డిజిటల్ కంప్యూటర్లు వచ్చాకే ఈ బాధ తగ్గింది.

మన వాయుసేన 1981 నుంచి 2006 దాకా బరేలీ నుంచి నడిపిన మిగ్-25 కూడా గూఢచారి విమానమే. దానిది ఎక్కువగా ఉక్కు ఒళ్ళు, మాక్ 2.8 దాటితే ఇంజన్లకే ముప్పు. బ్లాక్‌బర్డ్ మాక్ 3 పైన నిలకడగా సాగిపోవడానికే పుట్టింది. ఆ తేడా అంతా ఈ మూతిలో, ఆ గాడుల్లో కనిపిస్తుంది.

టైర్లు వెండి రంగులో ఉంటాయి. వేడిని తట్టుకోవడానికి రబ్బరులో అల్యూమినియం పొడి కలిపారు, లోపల 415 పీఎస్ఐ నైట్రోజన్.

మూసేలోపు ఇంకోసారి పైకెక్కి, వెనక కాక్‌పిట్ వెనకాల ఉన్న గుండ్రటి గాజు కిటికీ వెతకండి. పట్టపగలు కూడా నక్షత్రాలను పట్టుకుని దారి లెక్కగట్టే యంత్రం దాని కిందే ఉండేది.