మా ఇంటి పద్దుల పుస్తకం, అమెరికా లెక్క

కావలిలో మా ఇంటి జమాఖర్చుల పుస్తకం పాతికేళ్లుగా నేనే రాస్తున్నాను. గత నెల మొత్తం ఖర్చు 30,000 రూపాయలు కాగా, పాలు, కూరగాయలు, చేపలు, కిరాణా కలిపి తిండికి అయినది 10,200, అంటే 34 శాతం. అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు ఫోనులో ఈ మాట విని, ‘ఇక్కడ 13 శాతమే పిన్నీ’ అన్నాడు.

వాడు చెప్పింది నిజమే. 2023లో అక్కడి ప్రభుత్వ సర్వే ప్రకారం సగటు కుటుంబం ఏడాదికి 77,280 డాలర్లు ఖర్చు చేయగా తిండికి 12.9 శాతం, ఇంటి అద్దె, కరెంటు వంటి వాటికి 32.9 శాతం పోయాయి. మన ప్రభుత్వం 2023-24లో చేసిన ఇంటి ఖర్చుల సర్వేలో తిండి వాటా గ్రామాల్లో 47 శాతం, పట్టణాల్లో దాదాపు 40 శాతం. ఆదాయం పెరిగేకొద్దీ ఈ వాటా తగ్గుతుందని జర్మన్ గణాంకవేత్త ఎర్న్‌స్ట్ ఎంగెల్ 1857లోనే చెప్పాడు. అయితే వాళ్లు ఏడాదికి, కుటుంబానికి లెక్క కడితే, మనవాళ్లు నెలకు, తలకు లెక్క కడతారు. ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో అలా తలకు నెల ఖర్చు సగటున 5,327 రూపాయలు. ఈ తేడా చూసుకోకుండా డాలర్లను రూపాయల్లోకి మార్చి వాపోయేవాళ్లను చాలామందిని చూశాను.

ఈ పోలికలో నన్ను ఆపింది మాత్రం మా బియ్యం. కోవూరు దగ్గర మా పొలంలో పండిన ధాన్యం మర పట్టించి తెచ్చుకుంటాం కనుక పుస్తకంలో బియ్యానికి పద్దే లేదు. సర్వేవాళ్లు ఇంట పండిన గింజలకూ స్థానిక ధర కట్టి తిండిలో కలుపుతారు. నెలకు 25 కిలోలు, కిలో 52 రూపాయల చొప్పున 1,300 కలిపితే మా తిండి వాటా 37 శాతానికి దగ్గరైంది. ఇక ఇల్లు సొంతం. సొంతింటికి ఊహించి కట్టే అద్దెను మన సర్వే మొత్తంలో కలపదు. అందుకే గ్రామాల్లో అద్దె వాటా ఒక శాతం కూడా కనబడదు. మా వీధిలో పలికే అద్దె 7,000 కలిపి చూశాను. తిండి వాటా 30కి దిగింది. వండిన కూర అదే, తిన్నవాళ్లూ వాళ్లే.

సంపన్న దేశమైన జపానులో 2024లో తిండి వాటా, ఇద్దరు లేదా అంతకు మించి ఉన్న కుటుంబాల్లో, 28.3 శాతానికి పెరిగింది. అక్కడ ఆహార ధరలు పెరిగాయి, వృద్ధుల కుటుంబాలూ ఎక్కువే. ఈ అంకెలన్నీ పంపిస్తే మావాడు తమ కారు బీమా రసీదు పంపాడు. దానికి సాటి వచ్చే పద్దు నా పుస్తకంలో లేదు. ఈ నెల నుంచి బియ్యానికి మాత్రం ఒక గడి గీశాను.