అవుట్‌బోర్డ్‌లో ఆయిల్ పెరుగుతోంది, ఈ సీజన్ లాగ్

మేం ఉండేది మిన్నెసోటాలో, మిల్ లాక్స్ సరస్సులో వాలై చేపల కోసం తిరుగుతుంటా, పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారు 20 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్, రెండు సిలిండర్లు, కార్బ్యురేటర్ది, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా.

మే చివరి వారం: డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీత దాటి సెంటీమీటరు పైన ఉంది. నేను పోసింది సరిగ్గా లీటరు, మోటారు నిటారుగా పెట్టే చూశా. వాసన చూస్తే పెట్రోలే. టిష్యూ మీద ఒక చుక్క వేస్తే నల్ల మరక చుట్టూ పల్చటి వలయం పాకింది. నీళ్ళు కలిస్తే ఆయిల్ పాల టీ రంగుకి వస్తుంది, ఇది అలా లేదు, అదొక్కటే ఊరట. మొత్తం దించి కొలిస్తే లీటరుం పావు వచ్చింది, అంటే ఆయిల్లో పావు లీటరు పెట్రోలు కలిసే తిరుగుతున్నా ఇన్నాళ్ళూ, బేరింగులు తలుచుకుంటే గుండె గుభేలుమంది.

ముందు ఫ్యూయల్ పంప్ విప్పా, లోపల డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు నేరుగా క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది కాబట్టి. బాగానే ఉంది. కంప్రెషన్ (సిలిండర్లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) కూడా రెండు సిలిండర్లకీ దాదాపు సమానం.

జూన్ మొదటి వారం: మిగిలింది థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా చల్లటి నీళ్ళని ఆపే వాల్వ్. కారుకి రేడియేటర్ ఉంటుంది, దీనికి సరస్సు నీళ్ళే, మే నెలలో అవి ఐస్ లాగే ఉంటాయి, పైగా ట్రోలింగ్ (గాలం వెనక లాగుతూ పడవని మెల్లగా నడపడం) అంటే గంటల తరబడి ఐడిల్‌కి కాస్త పైనే. థర్మోస్టాట్ మూసుకోకపోతే ఇంజన్ వేడెక్కదు, పెట్రోలు పూర్తిగా ఆవిరవ్వక సిలిండర్ గోడల మీంచి పిస్టన్ రింగ్స్ దాటి కిందకి జారుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితేనే ఆయిల్లో కలిసింది మళ్ళీ ఆవిరై పోతుంది. బోల్టులు ఉప్పు నీళ్ళు చూడలేదు కాబట్టి తేలిగ్గానే వచ్చాయి. వాల్వ్ సందులో చిన్న గవ్వ ముక్క! శుభ్రం చేసి వాల్వ్‌లో దారం ఇరికించి వేడి నీళ్ళ గిన్నెలో వేలాడదీశా, తెరుచుకోగానే దారం జారిపోవాలి, కానీ స్ప్రింగ్ బలహీనపడి గోరువెచ్చటికే జారింది. కొత్తది, గాస్కెట్‌తో సహా వేశా. ఆయిల్ కూడా కొత్తది, 10డబ్ల్యూ-30, డబ్బా మీద ఎఫ్‌సీ-డబ్ల్యూ (పడవల ఫోర్ స్ట్రోక్ మోటార్ల ఆయిల్‌కి ఇచ్చే) గుర్తు ఉన్నదే, కారు ఆయిల్‌కి ఈ మెరైన్ తుప్పు పరీక్ష ఉండదు మరి.

జూన్ చివర: ట్రోలింగ్‌లో హెడ్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే ఇదివరకు 38 డిగ్రీలు దాటేది కాదు, ఇప్పుడు 57. పక్కనుంచి వచ్చే నీటి ధార కూడా చేతికి వెచ్చగా తగులుతోంది. ఒడ్డుకి వచ్చేటప్పుడు పావుగంట ముప్పాతిక థ్రాటిల్‌లో లాగిస్తున్నా. 9 గంటలు తిరిగాక ఆయిల్ పెరిగింది 2 మిల్లీమీటర్లు. 20 గంటలకి మళ్ళీ దించి కొలుస్తా, అక్టోబర్‌లో నీళ్ళు చల్లబడ్డాక ఇంకోసారి.