అరకు రైల్లో వేపనూనె

డిసెంబరులో అరకు వెళ్లాం. నేను, మా ఆయన, ఎనిమిదేళ్ల మా బాబు, అత్తయ్య. ఎక్కడికెళ్లినా అత్తయ్య సంచిలో వేపనూనె సీసా ఉండాల్సిందే. అందులో కర్పూరం పొడి కలుపుతారు. దోమ కుట్టినా, చీమ కరిచినా మా ఇంట్లో అదే మందు.

రెండో రోజే దాని అవసరం పడింది. కాఫీ తోట చూడ్డానికి వెళ్లాం. అక్కడ సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగలు పాకించి, ఆ నీడలో కాఫీ పెంచుతారు. ఎర్రగా పండిన కాయలు చూసి బాబు కొమ్మ వంచాడు. పక్కనే నాలుగైదు ఆకులు కలిపి కుట్టినట్టున్న గూడు ఎవరం చూడలేదు. క్షణంలో వాడి చేయంతా ఎర్రచీమలు. కరిచి పట్టుకుంటే వదలవు, ఒక్కోదాన్నీ లాగి తీయాల్సి వచ్చింది.

గదికొచ్చి చూస్తే చలికి నూనె నెయ్యిలా పేరుకుపోయింది. అత్తయ్య చెంచా కాడతో తవ్వి, అరచేతుల్లో కరగదీసి, దద్దుర్ల మీద మెల్లగా రాశారు. వెల్లుల్లీ మాడిన పల్లీలూ కలిపి నూరినట్టుంటుంది ఆ వాసన. బాబు ముక్కు మూసుకున్నాడు, కానీ కాసేపటికి నిద్రపోయాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. సీసా మూత చీలిపోతే అత్తయ్య గుడ్డపేలిక బిరడాగా నొక్కారు. గడ్డకట్టిన నూనె ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం విశాఖ వెళ్లే కిరండూల్ పాసింజర్ ఎక్కాం. సంచి కిటికీ పక్కన, ఎండలో పెట్టాను. శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి రైలు దిగేకొద్దీ గాలి వెచ్చబడుతుంది. సంచిలో నూనె కూడా.

బొర్రా గుహల దగ్గర పెట్టె కిక్కిరిసిపోయింది. ఆ లైన్లో 50కి పైగా సొరంగాలున్నాయి. మొదటి సొరంగంలో పిల్లలంతా కేకలు పెట్టారు. తర్వాతి దాంట్లో కేకలు ఆగిపోయాయి. చీకట్లో ఎవరో "ఏంటండీ ఈ కంపు?" అన్నారు. "వైరు కాలుతోందేమో చూడండి" అని ఇంకొకాయన కంగారుపడ్డారు. వెలుతురు రాగానే మా బాబు లేచి, "నానమ్మా, నీ నూనే!" అని అరిచాడు. పెట్టెంతా నవ్వులు.

సంచి తెరిస్తే సీసా సగం ఖాళీ. శాలువా తడిసి ముద్దయింది, అరకులో కొన్న కాఫీపొడి కాగితం పొట్లం కూడా నానిపోయింది. నేను అందరికీ సారీ చెబుతుంటే, ఎదురు సీట్లో చంటిబిడ్డ తల్లి వంగి, "అమ్మా, కొంచెం ఇస్తారా? పాపకి కాళ్లంతా దోమలు కుట్టేశాయి" అంది. అత్తయ్య మొహం వెలిగిపోయింది. శాలువా కొస పిండి, ఆ చిట్టిపాదాలకి తనే రాశారు. కొత్తవలస వచ్చేసరికి ఇంకో ముగ్గురు చేతులు చాపారు.

ఇంటికొచ్చాక కాఫీపొడి వాసన చూసి, అత్తయ్య దాన్ని మల్లెమొక్క మొదట్లో పోసేశారు. శాలువా మూడుసార్లు ఉతికాం. ఇప్పటికీ బాబు అది కప్పుకునే పడుకుంటాడు.